కోలన్ ముందు ఖాళీ

ప్రోగ్రాం కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో, దూరపు సర్వర్ మీది బ్రాంచిని (విడిగా సాగే పని పాయను) తీసేయడానికి 2010 దాకా విడిగా మాటంటూ లేదు. లినస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో లినక్స్ కెర్నెల్ పని కోసం మొదలుపెట్టిన ఈ పరికరంలో మార్పులు పంపేది 'పుష్'. తీసివేతనూ దాని నెత్తినే పెట్టారు.

పుష్‌కు ఇచ్చే రెండు పేర్ల మధ్య కోలన్ ఉంటుంది. ఎడమది ఇక్కడి పేరు, కుడిది అక్కడి పేరు. గుంటూరు యార్డు మిర్చి ధరలు చూపే యాప్ ఒకటి తయారవుతోందనుకుందాం. 'గిట్ పుష్ ఆరిజిన్ పరీక్ష:తేజ' అంటే (ఆరిజిన్ అన్నది సర్వర్‌కు పెట్టుకున్న పేరు) ఇక్కడి 'పరీక్ష' బ్రాంచిని సర్వర్‌లో 'తేజ' పేరున ఉంచమని. (పేర్లు తెలుగులో ఉన్నా గిట్‌కు అభ్యంతరం లేదు.) ఎడమవైపు వదిలేసి ':తేజ' అని రాస్తే, తేజలో పెట్టడానికి ఏమీ లేదు కనుక తేజనే తీసెయ్యమని. తర్కానికి లోటు లేదు. కొత్తవాళ్లకు మాత్రం ఆ రెండు చుక్కల్లో తీసివేత కనబడదు.

అసలు ప్రమాదం స్పేస్‌తో. 'పరీక్ష:తేజ' కొట్టబోతూ కోలన్ ముందు ఒక్క స్పేస్ పడిందా, అవి రెండు పనులైపోతాయి: పరీక్షను అదే పేరుతో పంపడం, తేజను తీసేయడం. గిట్ మళ్లీ అడగదు. ఇంత చిన్న పొరపాటుకు ఇంత పెద్ద ఫలితం ఇచ్చే రాత మంచి రాత కాదు.

2010 ఫిబ్రవరిలో వచ్చిన గిట్ 1.7.0లో పుష్‌కు 'డిలీట్' అనే ఐచ్ఛికం చేరింది. లోపల అది చేసేది ప్రతి పేరు ముందూ కోలన్ తగిలించడమే. అయితే పేరేదీ ఇవ్వకపోయినా, కోలన్ ఉన్న జతను ఇచ్చినా ఒప్పుకోదు. సర్వర్‌లో ప్రస్తుతం వాడుకలో ఉన్న బ్రాంచిని తీసెయ్యమంటే మామూలు సెట్టింగుల్లో నిరాకరించడం కూడా ఆ విడుదలతోనే మొదలైంది. పాత కోలన్ రాత ఇప్పటికీ పనిచేస్తుంది.

సొంత కంప్యూటర్‌లోని బ్రాంచిని 'బ్రాంచ్' కమాండుకు చిన్న 'డి' ఇచ్చి తీసేస్తే, ఇంకా కలపని పని ఉన్నప్పుడు గిట్ ఆపుతుంది. సర్వర్ విషయంలో ఆ జాగ్రత్త లేదు. పైగా అక్కడ తొలగిన బ్రాంచి గుర్తు ఇతరుల కంప్యూటర్లలో అలాగే నిలిచి ఉంటుంది. 'ఫెచ్'కు 'ప్రూన్' జోడించి నడిపితే పోతుంది. ఆ నిలిచిపోవడమే ఒక్కోసారి అక్కరకొస్తుంది: చిలకలూరిపేటలో కూర్చున్న సహోద్యోగి దగ్గర ఆ గుర్తు ఇంకా ఉంటే, అక్కడినుంచి మళ్లీ పుష్ చేసి తేజను వెనక్కి తేవచ్చు.