పోలీసు కాళ్ళు

హైదరాబాదు పంజగుట్ట కూడలిలో సాయంకాలం ఆరుగంటలవేళ చెయ్యెత్తి నిలబడిన ట్రాఫిక్ కానిస్టేబుల్‌ని మనం చూసేది అరనిమిషమే. పచ్చదీపం వెలగగానే మన దారిన మనం పోతాం. ఆయన అక్కడే ఉంటాడు. అందరికీ కనిపించేది ఆయన చెయ్యి, అరిగిపోయేవి కాళ్ళు.

అటువంటి ఒకాయన్ని ఈమధ్య భార్య బలవంతాన నా దగ్గరికి తీసుకువచ్చింది. వయస్సు నలభై ఆరు. "ఏమీ లేదు సార్, రాత్రిళ్ళు పిక్కలు పట్టేస్తున్నాయి, అంతే" అన్నాడు.

"అంతేనా? ఆ బూట్లు విప్పి చూపించండి సార్‌కి" అంది ఆవిడ.

మేజోడు దించితే, మోకాలినుంచి చీలమండదాకా నీలంగా మెలికలు తిరిగిన నరాలు. చీలమండ పైన చర్మం నల్లబడి, అక్కడో పుండు. నాలుగు నెలలుగా మానలేదట. సెలవు పెట్టలేదేమని అడిగితే, "కాళ్ళనొప్పులు లేని పోలీసెవడని నవ్వుతారు సార్" అన్నాడు.

దీన్నే వేరికోజ్ వీన్స్ అంటారు. నరాలని వాడుకలో అంటాం గాని ఇవి సిరలు, రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే నాళాలు. పాదంనుంచి గుండెదాకా రక్తం ఎగువకు ఎక్కాలి గదా! నడిచినప్పుడు పిక్కల కండరాలు బిగిసి దాన్ని పైకి తోస్తాయి. కిందికి జారకుండా సిరల్లోని చిన్న కవాటాలు అడ్డుపడతాయి. మనిషి గంటల తరబడి కదలకుండా నిలబడితే ఆ పంపు పనిచెయ్యదు. రక్తం కిందనే నిలిచి సిరలు ఉబ్బుతాయి, కవాటాలు చెడతాయి. వంశపారంపర్యం, స్థూలకాయం కూడా తోడవుతాయి. తప్పంతా ఉద్యోగానిదే అనలేం.

నిలబడక తప్పనివారు కొద్ది నిమిషాలకోసారి మడమలెత్తి మునివేళ్ళమీద లేచి దిగాలి. డ్యూటీకి భంగం లేదు, ఎవరూ గమనించరు కూడా. ఇంటికి రాగానే పడుకుని, కాళ్ళు గుండెకంటే ఎత్తులో ఉండేలా పావుగంట దిండ్లమీద పెట్టుకోవాలి. ఎలాస్టిక్ మేజోళ్ళు మంచివేగాని డాక్టరు చూడకుండా కొనకండి. పొగతాగేవారికి, మధుమేహం ఉన్నవారికి ధమనులు పూడి ఉంటే అవి హాని చేస్తాయి. ఉబ్బిన సిర చిట్లి రక్తం కారితే పడుకోబెట్టి, కాలు పైకెత్తి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి ఆస్పత్రికి చేర్చండి. ఒక్క కాలే హఠాత్తుగా వాచి నొప్పెడితే మాత్రం మర్దనా చెయ్యకండి. లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, ఆరోజే ఆస్పత్రికి వెళ్ళాలి. ఆయాసం కూడా వస్తే క్షణం ఆగకూడదు. చెడిన సిరలకు ఇప్పుడు పెద్ద కోతలు లేకుండా లేజరు చికిత్స ఉంది. చాలామంది ఆరోజే నడిచి ఇంటికి వెళతారు.

నీళ్ళు బాగా తాగమని కూడా చెప్పబోయాను. "తాగితే ఎక్కడికి పోవాలి సార్?" అన్నాడు. ఆడ కానిస్టేబుళ్ళ అవస్థ ఇంకా ఘోరమట. మరుగుదొడ్డి లేని కూడలిలో నిలబెట్టి, మూత్రంలో రాళ్ళు రాకుండా నీళ్ళు తాగమనడం డాక్టర్లకు తేలికే!

పుండుకు కట్టు కట్టాను. కూర్చునే డ్యూటీ ఇవ్వమని సర్టిఫికెట్టు రాసిచ్చాను. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటూ, "గణేశ్ నిమజ్జనం బందోబస్తు కానివ్వండి సార్, తరవాత ఇస్తాను" అన్నాడు.

ఆవిడ మాట్లాడకుండా ఆయన జేబులోంచి ఆ కాగితం తీసి తన సంచీలో పెట్టుకుంది.