స్విమ్మింగ్ స్కాలర్‌షిప్‌తో కాలేజీ ఫీజు మొత్తం తీరుతుందా? లెక్క ఇదీ

అమెరికాలో స్థిరపడిన మనవాళ్ల ఇళ్లలో హైస్కూల్ పిల్లలు స్విమ్మింగ్ టీముల్లో ఉండటం ఇప్పుడు కొత్తేమీ కాదు. పిల్లలకు ఈత నేర్పించమని హజ్రత్ ఉమర్ (రజి.) చెప్పారని మన పెద్దవాళ్లు అంటూనే ఉంటారు కాబట్టి ఇంట్లో పెద్దగా అభ్యంతరం కూడా రాదు. పిల్లాడికో, పాపకో టైమింగ్‌లు బాగా వస్తుంటే పదో తరగతికల్లా అమ్మీ, అబ్బాల మనసులో ఒక ఆశ మొదలవుతుంది. కాలేజీ టీమ్‌లో సీటు, దాంతోపాటు స్కాలర్‌షిప్ వస్తే వడ్డీ లోన్ జోలికి వెళ్లక్కర్లేదు కదా అని.

రిబా నుంచి తప్పించుకోవాలనుకోవడం మంచిదే. కానీ డబ్బు లెక్క ఒకసారి చూద్దాం.

కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏలో మూడు డివిజన్లు ఉన్నాయి. ఆట పేరుమీద స్కాలర్‌షిప్ ఇచ్చేది డివిజన్ 1, 2 మాత్రమే. డివిజన్ 1 అయినా సరే, 2025 దాకా అబ్బాయిల స్విమ్మింగ్ టీమ్ మొత్తానికి 9.9 స్కాలర్‌షిప్‌లు, అమ్మాయిల టీమ్‌కు 14 మాత్రమే పరిమితి. కోచ్ వాటిని ముక్కలు చేసి పంచేవాడు. 30 మంది అబ్బాయిలకు 9.9 సమానంగా పంచితే ఒక్కొక్కరికి మూడో వంతు కూడా రాదు. ఏడాది ఖర్చు 60 వేల డాలర్లు అనుకుందాం. స్కాలర్‌షిప్ 19,800 పోగా ఇంటి మీద పడేది 40,200. నాలుగేళ్లకు 1,60,800 డాలర్లు. అంటే స్కాలర్‌షిప్ వచ్చినా లోన్ మాట అలాగే ఉంది!

2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ సెటిల్‌మెంట్‌తో ఈ పద్ధతి మారింది. అందులో చేరిన కాలేజీలకు ఇప్పుడు స్కాలర్‌షిప్‌ల మీద పరిమితి లేదు, టీమ్ సైజు మీద ఉంది. స్విమ్మింగ్, డైవింగ్ కలిపి 30 మంది. వినడానికి బాగానే ఉంది. కానీ పరిమితి తీసేశారంటే కాలేజీ దగ్గర డబ్బు పెరిగిందని కాదు. పైగా స్కాలర్‌షిప్ లేకపోయినా టీమ్‌లో ఉంటే చాలనుకునే పిల్లలకు చోటు తగ్గింది.

ఇంకో సంగతి వీసాది. హెచ్-4 మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ ఆర్థిక సాయం రాదు. ఎఫ్-1 మీద వెళ్లేవాళ్లకూ రాదు. గ్రీన్‌కార్డ్ ఉన్న చుట్టాలబ్బాయికి వచ్చింది కదా అని మనం లెక్కలు వేసుకోకూడదు.

నా దృష్టిలో మన కుటుంబాలు ముందు చూడాల్సింది వేరే వైపు. డివిజన్ 3 కాలేజీలు, ప్రిన్స్‌టన్ లాంటి ఐవీ లీగ్ యూనివర్సిటీలు ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వవు. అది విని చాలామంది వాటిని పక్కన పెట్టేస్తారు. కానీ ప్రిన్స్‌టన్, డివిజన్ 3లోని ఆమ్హెర్స్ట్ కాలేజీ కుటుంబ ఆదాయం చూసి ఇచ్చే సాయంలో లోన్ పెట్టవు, తిరిగి కట్టక్కర్లేని గ్రాంట్ ఇస్తాయి. రెండు చోట్లా స్విమ్మింగ్ టీములున్నాయి, విదేశీ విద్యార్థులకూ ఈ సాయం వర్తిస్తుంది. అడ్మిషన్ చాలా కష్టం, నిజమే. అయితే మార్కులు ఆ స్థాయిలో ఉన్న స్విమ్మర్‌కు కోచ్ మద్దతు దొరికితే అది ఉపయోగపడుతుంది. వడ్డీ వద్దనుకునే ఇంటికి పూల్‌లో తగ్గించిన అర సెకను కంటే మ్యాథ్స్‌లో వచ్చిన ‘ఎ’ గ్రేడ్ ఎక్కువ డబ్బు తేవచ్చు.

డివిజన్ 1కే ప్రయత్నించేవాళ్లు తొమ్మిదో తరగతి నుంచే 16 కోర్ సబ్జెక్టుల లెక్క చూసుకోవాలి. వాటిలో కనీసం 2.3 జీపీఏ కావాలి. అర్హత కోసం శాట్ స్కోర్ అడగడం 2023లో తీసేశారు, కాలేజీ తన అడ్మిషన్‌కు అడిగితే అది వేరే విషయం. పదో తరగతి అయ్యాక జూన్ 15 నుంచి కోచ్‌లు పిల్లలతో నేరుగా మాట్లాడొచ్చు. పిల్లలు మాత్రం అంతకుముందే తమ టైమింగ్‌లు పంపొచ్చు. హైదరాబాద్ నుంచి పంపేవాళ్లకు ఒక మాట: అమెరికా కాలేజీ పోటీలు ఎక్కువగా 25 గజాల పూల్‌లో జరుగుతాయి. మన 50 మీటర్ల పూల్ టైమింగ్‌ను పక్కపక్కన పెట్టి పోల్చి దిగులు పడొద్దు.

ఇక దుస్తుల సంగతి. పూల్ పోటీలకు 2010 నుంచి ఉన్న అంతర్జాతీయ నిబంధన ప్రకారం అబ్బాయిల సూట్ బొడ్డు నుంచి మోకాలి వరకు ఉండొచ్చు. కాబట్టి సతర్ విషయంలో అబ్బాయిలకు ఇబ్బంది తక్కువ. అమ్మాయిల సూట్ భుజాల నుంచి మోకాలి వరకే. హైస్కూల్ పోటీల్లో మతపరమైన కారణంతో ఒళ్లంతా కప్పే సూట్‌కు అవకాశం ఉంది. కాలేజీలో ఆ అనుమతి సంగతి సంతకం పెట్టకముందే కోచ్‌ను ఈమెయిల్‌లో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. చాలా కాలేజీల్లో అబ్బాయిలు, అమ్మాయిలు ఒకే పూల్‌లో ప్రాక్టీస్ చేస్తారు. అది కూడా అప్పుడే తెలుసుకోండి, అడ్మిషన్ అయ్యాక కాదు.

రంజాన్ గురించి కూడా అడగాలి. కాలేజీ కాన్ఫరెన్స్ పోటీలు ఫిబ్రవరిలో, జాతీయ పోటీలు మార్చిలో ఉంటాయి. 2027లో రంజాన్ ఫిబ్రవరి రెండో వారంలో మొదలవుతుంది, 2028లో జనవరి చివర్లో. అంటే ఏడాదంతా కష్టపడి చేరుకున్న పోటీల సమయంలోనే రోజాలు. సెహ్రీ ముగిసే వేళకే చాలా చోట్ల తెల్లవారుజాము ప్రాక్టీస్ మొదలవుతుంది. ఆ నెలలో ప్రాక్టీస్ ఇఫ్తార్ తర్వాతకు మారుస్తారా, హాస్టల్ మెస్‌లో సెహ్రీ దొరుకుతుందా అని పిల్లలే కోచ్‌ను అడగాలి. వేరే ఊరికి పోటీకి వెళ్లినప్పుడు ముసాఫిర్‌కు ఉండే వెసులుబాటు, ఖజా సంగతి మాత్రం కోచ్‌ను కాదు, మీ మస్జిద్ ఇమామ్ సాబ్‌ను అడగండి.