ముగ్గురే దళం.. ఊరంతా శ్రోతలే
వంతలు లేక చెదిరిపోతున్న బుర్రకథ దళాలు

విజయవాడ: నలుగురు కుర్రాళ్ళు గిటారు, డ్రమ్ములు పట్టుకుంటే రాక్ బ్యాండు అంటున్నారు. కృష్ణా డెల్టా పల్లెల్లో అలాంటి జట్లు ఎనభై ఏళ్ళ కిందటే ఊరూరా తిరిగాయి. వాటి పేరు బుర్రకథ దళాలు. ఒక్కో దళంలో ముగ్గురే మనుషులు.

మధ్యలో కథకుడు. భుజాన తంబుర, కాళ్ళకు గజ్జెలు, వేళ్ళకు అందెలు. పాడుతూ, అడుగు వేస్తూ, అందెలతో తాళం వేసుకుంటూ కథ నడిపిస్తాడు. చెరో పక్క వంతలు డక్కీలు వాయిస్తూ 'తందాన' అని అందుకుంటారు. ఒక వంత హాస్యం చెబితే, మరొక వంత రాజకీయం చెబుతాడు. అల్లూరి సీతారామరాజు కథ మధ్యలో ఆ ఊరి కరణం సంగతీ, కంట్రోలు బియ్యం సంగతీ వచ్చేది అందుకే. తంబుర బుర్రను బట్టే ఈ కళకు బుర్రకథ అన్న పేరు వచ్చిందంటారు.

పూర్వం ఇది జంగాల కుటుంబాలు చెప్పుకునే జంగం కథ. 1943లో ప్రజానాట్యమండలి ఏర్పడ్డాక దాని రూపు మారింది. డాక్టర్ గరికపాటి రాజారావు వంటివారు నాటకాలతో, పాటలతో పల్లెలు తిరిగారు. అదే ఏడు బెంగాల్ కరువు వస్తే కళాకారులు ఆ బాధితుల కోసం పాడి విరాళాలు పోగుచేశారు. ఈడుపుగల్లుకు చెందిన సుంకర సత్యనారాయణ రైతుకూలీల బతుకు మీద 'కష్టజీవి' బుర్రకథ రాశారు. మోటూరి ఉదయం ఆడవాళ్ళ దళానికి నాయకత్వం వహించారు. ఆడది తంబుర పట్టి వేదికెక్కడం ఆ రోజుల్లో చిన్న మాట కాదు.

కృష్ణ ఆవలి ఒడ్డున పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ ఈ కళకు మరింత పేరు తెచ్చారు. శాస్త్రీయ సంగీతం నేర్చిన గొంతు, నటుడి ముఖకవళికలు ఆయన సొత్తు. 'పల్నాటి యుద్ధం', 'బొబ్బిలి యుద్ధం' చెబుతుంటే జనం కదిలేవారు కాదంటారు. 1986లో పద్మశ్రీ అందుకున్న ఆయన 1997లో కన్నుమూశారు.

దళాలకు కష్టాలూ తప్పలేదు. 1948 తర్వాత మద్రాసు ప్రభుత్వ నిర్బంధంతో చాలామంది అజ్ఞాతంలోకీ, జైళ్ళకూ వెళ్ళారు. విశేషమేమంటే, ఒకప్పుడు సర్కారు వద్దన్న కళనే తర్వాత సర్కారే కుటుంబ నియంత్రణ, చిన్న మొత్తాల పొదుపు, అక్షరాస్యత ప్రచారానికి పిలిచింది. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి బుర్రకథను ఇంటింటికీ చేర్చింది.

నిర్బంధాన్ని తట్టుకున్న కళకు ఇప్పుడు వేరే చిక్కు వచ్చింది. తిరునాళ్ళలో డీజే పెట్టెల హోరు ముందు డక్కీ వినబడదు. అంతకంటే పెద్ద కష్టం వంతలది. కథకుడి పేరు పదిమందికి తెలుస్తుంది, వంత పేరు ఎవరూ అడగరు. కానీ కథకుడు ఎక్కడ ఊపిరి పీలుస్తాడో, ఎక్కడ మాట విరుస్తాడో ఏళ్ళ తరబడి పక్కన నిలబడ్డవాడికే తెలుస్తుంది. అలాంటి వంత మంచాన పడితే కథకుడు ఉన్నా దళం లేనట్టే.

తంబుర, డక్కీలు డబ్బు పెడితే దొరుకుతాయి. పక్కన నిలబడి 'తందాన' అందుకునే గొంతే దొరకడం లేదు. సన్మానాల్లో శాలువా కథకుడికి కప్పడంతో సరిపెట్టకుండా, ఊరి తిరునాళ్ళలో ఏటా ఒక్క రాత్రి బుర్రకథకు కేటాయించి ముగ్గురికీ తగిన పారితోషికం ఇస్తే, వంత పాడేందుకు ఏ ఊరి కుర్రాడైనా ముందుకు వస్తాడు.