జాతీయ జట్టుకు కోచ్ కావలెను

2025 జులైలో భారత ఫుట్‌బాల్ జట్టుకు కొత్త కోచ్ కావాలని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ప్రకటన ఇస్తే 170 దరఖాస్తులు వచ్చాయి. అందులో బార్సిలోనా మాజీ కోచ్ జావి పేరు కూడా ఉందని, అంత జీతం ఇచ్చుకోలేక పక్కన పెట్టేశారని వార్త గుప్పుమంది. మాంచెస్టర్ సిటీ కోచ్ పెప్ గార్డియోలా పేరుతోనూ ఓ ఈమెయిల్ వచ్చింది. రెండూ అసలైనవి కావని సమాఖ్య వెంటనే తేల్చి చెప్పింది. వడపోత తర్వాత ముగ్గురు మిగిలారు. మన జట్టుకు అప్పటికే రెండుసార్లు కోచ్‌గా చేసిన ఇంగ్లండ్ మనిషి స్టీఫెన్ కాన్‌స్టంటైన్, స్లొవేకియాకు చెందిన స్టెఫాన్ తార్కోవిచ్, మన ఖాలిద్ జమీల్. ఆగస్టు 1న జమీల్ పేరు ప్రకటించారు. భారత జట్టు పగ్గాలు భారతీయుడి చేతికి రావడం 13 ఏళ్ల తర్వాత అదే మొదటిసారి.

జమీల్‌ను ఆషామాషీగా ఎంచుకోలేదు. 2016-17లో మిజోరంలోని ఐజ్వాల్ ఎఫ్‌సీ లాంటి చిన్న క్లబ్‌తో ఐ-లీగ్ గెలిచి, కోట్లు గుమ్మరించే క్లబ్బులను నివ్వెరపరిచిన మనిషి ఆయన. జాతీయ జట్టుతో వెళ్లిన మొదటి టోర్నీ, కాఫా నేషన్స్ కప్‌లో ఒమన్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి మూడో స్థానం తెచ్చారు. నెల తిరిగేసరికి గోవాలో సింగపూర్ చేతిలో 2-1తో ఓటమి. 2027 ఆసియా కప్ ఆశలు అక్కడే ఆవిరయ్యాయి. జాతీయ జట్టు కోచ్ కుర్చీలో పొగడ్తకూ తెగడ్తకూ మధ్య దూరం అంతే.

ఇంటివాళ్లదే కప్పు

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో మాత్రం పనికొచ్చింది పెరటి చెట్టే. 1930 నుంచి 2022 వరకు పురుషుల ప్రపంచకప్‌లు 22 జరిగితే, గెలిచిన ప్రతి జట్టుకూ ఆ దేశస్థుడే కోచ్. విదేశీ కోచ్ జట్టును ఫైనల్ దాకా తెచ్చిందే రెండుసార్లు. 1958లో స్వీడన్‌ను ఇంగ్లండ్‌కు చెందిన జార్జ్ రేనర్, 1978లో నెదర్లాండ్స్‌ను ఆస్ట్రియాకు చెందిన ఎర్నెస్ట్ హాపెల్ అక్కడిదాకా నడిపించారు. ఇద్దరికీ ఫైనల్లో ఓటమే. ఈ లెక్క తెలిసి కూడా ఇంగ్లండ్ జర్మనీ నుంచి థామస్ టుచెల్‌ను, బ్రెజిల్ ఇటలీ నుంచి కార్లో ఆంచెలొటీని తెచ్చుకున్నాయి. ఐదు కప్పులూ సొంత కోచ్‌లతోనే గెలిచిన బ్రెజిల్ ఆ పని చేయడం మామూలు సంగతి కాదు. ఆంచెలొటీ వచ్చేస్తున్నారని 2023లోనే ఆ దేశ సమాఖ్య చెప్పుకొంది. ఆయన ఆ డిసెంబర్‌లో రియల్ మాడ్రిడ్‌తో ఒప్పందం పొడిగించుకున్నారు. ఈలోగా ఇద్దరు కోచ్‌లు వచ్చి వెళ్లారు. అర్జెంటీనా చేతిలో 4-1తో చిత్తయ్యాక, 2025 మేలో గానీ ఆంచెలొటీ సంతకం పడలేదు.

పురుషుల ప్రపంచకప్‌ను రెండుసార్లు గెలిచిన కోచ్ ఒక్కరే: ఇటలీకి చెందిన విటోరియో పోజో, 1934, 1938ల్లో. మహిళల్లో ఆ ఘనత అమెరికా కోచ్ జిల్ ఎలిస్‌ది, 2015, 2019ల్లో. ఆమె పుట్టింది ఇంగ్లండ్‌లో.

జట్టును కోచ్ ఎంచుకోని రోజులు

ఇంగ్లండ్ జట్టుకు మొదటి మేనేజర్ వాల్టర్ వింటర్‌బాటమ్. 1946 నుంచి 16 ఏళ్లు ఆ పదవిలో ఉన్నారు. నాలుగు ప్రపంచకప్‌లకు జట్టును తీసుకెళ్లారు. మైదానంలోకి దిగే పదకొండు మందిని ఎంచుకునే అధికారం మాత్రం ఆయనకు లేదు. ఆ పని సెలక్షన్ కమిటీ చేసేది. కమిటీలో కూర్చున్నవాళ్లు ఎక్కువగా క్లబ్బుల పెద్దలు. ఆటగాళ్లకు శిక్షణ ఇచ్చేది ఒకరు, ఎంపిక చేసేది మరొకరు. ఆయన తర్వాత ఆల్ఫ్ రామ్సేను అడిగినప్పుడు ఆయన పెట్టిన షరతు ఒక్కటే: జట్టు ఎంపిక పూర్తిగా నా చేతిలో ఉండాలి. సమాఖ్య ఒప్పుకుంది. 1966లో ఇంగ్లండ్ ప్రపంచకప్ గెలిచింది. ఇప్పటిదాకా వాళ్ల పురుషుల జట్టుకున్నది ఆ ఒక్క ప్రపంచకప్పే. ఎవరిని నియమించామన్న దానికంటే నియమించినవాడికి ఏం అప్పగించామన్నదే పెద్ద ప్రశ్న అని నేను గట్టిగా నమ్ముతాను. ఆ నమ్మకానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు కనబడలేదు.

1977లో అదే సమాఖ్య బ్రయాన్ క్లఫ్‌ను ఇంటర్వ్యూకు పిలిచింది. అభిమానులు కోరుకున్నది ఆయననే. ముక్కుసూటి మనిషి కావడంతో పెద్దలు జంకి ఆ పదవి రాన్ గ్రీన్‌వుడ్‌కు ఇచ్చారు. క్లఫ్ తన క్లబ్ నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌తో 1979, 1980ల్లో వరసగా రెండుసార్లు యూరోపియన్ కప్ గెలిచారు.

ఇంగ్లండ్ మేనేజర్‌గా శామ్ అలర్డైస్ ఉన్నది 67 రోజులు. ఆడించింది ఒక్క మ్యాచ్, 2016లో స్లొవేకియాపై. అదీ గెలిచారు.

అధ్యక్షుడికి నచ్చిన స్ట్రైకర్

1969లో బ్రెజిల్ తన జట్టును ఓ జర్నలిస్టుకు అప్పగించింది. పేరు జొవావ్ సల్దాన్యా. 1957లో బొటఫోగో క్లబ్‌ను రియో రాష్ట్ర విజేతగా నిలిపిన అనుభవం ఉంది గానీ, జనానికి తెలిసింది పత్రికల్లో రాసే, రేడియోలో మాట్లాడే సల్దాన్యానే. పైగా పక్కా కమ్యూనిస్టు. దేశంలో అప్పుడు సైనిక పాలన! విలేకరినే కోచ్‌ను చేస్తే పత్రికల విమర్శలు తగ్గుతాయని సమాఖ్య అధ్యక్షుడు జొవావ్ హావెలాంజ్ లెక్కేశారని చెబుతారు.

క్వాలిఫయర్స్‌లో సల్దాన్యా జట్టు ఆరుకు ఆరు గెలిచింది. 23 గోల్స్ కొట్టి, రెండే ఇచ్చింది. ఇంతలో దేశాధ్యక్షుడు, సైనిక జనరల్ మెదీసీ తనకిష్టమైన స్ట్రైకర్ దారియోను జట్టులో చూడాలనుకున్నారు. ఆయన మంత్రివర్గం జోలికి నేను వెళ్లను, నా జట్టు జోలికి ఆయన రానక్కర్లేదన్నది సల్దాన్యా జవాబు. పీలేను పక్కన పెట్టే ఆలోచన కూడా చేయడంతో అన్నివైపులా మంట రాజుకుంది. 1970 మార్చిలో, ప్రపంచకప్ మూడు నెలలు కూడా లేదనగా, వేటు పడింది.

ఆయన స్థానంలో వచ్చిన మారియో జగాలో అప్పటికే 1958, 1962ల్లో ఆటగాడిగా కప్పు ముద్దాడినవాడు. మెక్సికోలో కప్పు గెలిచిన ఆ జట్టు ఆడిన ఆట గురించి నేటికీ చెప్పుకుంటూనే ఉన్నారు. ఆటగాడిగానూ కోచ్‌గానూ ప్రపంచకప్ గెలిచిన తొలి మనిషి జగాలోనే. తర్వాత ఆ వరసలో చేరింది జర్మనీకి చెందిన బెకెన్‌బావర్, ఫ్రాన్స్‌కు చెందిన దెషాంప్. దారియోను జగాలో మెక్సికో తీసుకెళ్లారు. ఒక్క నిమిషం కూడా ఆడించలేదు.

కోచింగ్ లైసెన్సే లేదు బెకెన్‌బావర్‌కు. అందుకే 1984లో పశ్చిమ జర్మనీ ఆయనకు కోచ్ అని కాకుండా 'టీమ్‌షెఫ్' అనే హోదా ఇచ్చి కూర్చోబెట్టింది. 1986లో రన్నరప్, 1990లో విజేత.

అడిగింది ఒకరిని, దొరికింది మరొకరు

ఈ విశేషాలన్నిటిలో నాకు అమితంగా ఇష్టమైన భాగం ఇదే. 1990లో డెన్మార్క్ సమాఖ్య కోచ్‌గా జర్మనీకి చెందిన హోర్స్ట్ వోలర్స్‌ను అనుకుంది. ఆయన క్లబ్ బేయర్ ఉర్డింగెన్ వదలనంది. ఇక చేసేది లేక, పాత కోచ్‌కు సహాయకుడిగా ఉన్న రిచర్డ్ మోలర్ నీల్సన్‌కు ఇచ్చారు. ఆయన పద్ధతి నచ్చక లౌడ్రప్ సోదరులిద్దరూ జట్టు వదిలి వెళ్లారు. 1992 యూరో కప్‌కు డెన్మార్క్ అర్హత సాధించలేదు. ఆంక్షల వల్ల యుగోస్లావియాను తప్పించి, చివరి నిమిషంలో డెన్మార్క్‌ను పిలిచినప్పుడు తాను ఇంట్లో వంటగది బాగుచేసే పని పెట్టుకున్నానని నీల్సన్ చెప్పేవారు. తమ్ముడు బ్రయాన్ లౌడ్రప్ తిరిగొచ్చాడు, అన్న మైకేల్ రాలేదు. గోథెన్‌బర్గ్ ఫైనల్లో ప్రపంచ చాంపియన్ జర్మనీపై 2-0తో డెన్మార్క్ గెలిచింది.

2000లో జర్మనీ ఎంచుకున్నది క్రిస్టాఫ్ డామ్‌ను. ఆయన క్లబ్ ఒప్పందం ముగిసేదాకా కుర్చీ కాపలాకు రూడీ ఫోలర్‌ను పెట్టారు. ఇంతలో డామ్ కొకైన్ వాడారన్న ఆరోపణలు, తానే ఇచ్చిన వెంట్రుకల నమూనాలో అది నిజమని తేలడం జరిగిపోయాయి. కాపలాకు వచ్చిన ఫోలరే జర్మనీని 2002 ప్రపంచకప్ ఫైనల్‌కు చేర్చారు.

ఇక ఐవరీ కోస్ట్ కథ. సొంతగడ్డపై ఆఫ్రికా కప్. 2024 జనవరిలో గ్రూప్ ఆఖరి మ్యాచ్‌లో ఈక్వటోరియల్ గినీ చేతిలో 4-0 పరాభవం. జట్టు ముందుకెళ్తుందో లేదో తేలకముందే కోచ్ జాన్ లూయి గాసేను పంపేశారు. 2015లో తమకు ఇదే కప్పు గెలిచిపెట్టిన హెర్వే రెనార్ అప్పుడు ఫ్రాన్స్ మహిళల జట్టు కోచ్. ఆయనను కొన్ని రోజులకు అరువు ఇమ్మని ఫ్రాన్స్‌ను అడిగారు. కాదన్నారు. పక్కనే ఉన్న సహాయక కోచ్ ఎమర్స్ ఫాయేకు అప్పగించారు. అప్పటికి ఆయన ఏ దేశ సీనియర్ జట్టునూ నడిపి ఎరుగరు. ఆయన తొలి మ్యాచే నాటి ఆఫ్రికా చాంపియన్ సెనెగల్‌తో! షూటౌట్‌లో గట్టెక్కి, ఫైనల్లో నైజీరియాను 2-1తో ఓడించి కప్పు ఎత్తారు. గెలుపు గోల్ కొట్టిన సెబాస్టియన్ హాలెర్ అంతకు ముందు ఏడాదే క్యాన్సర్ చికిత్స ముగించుకుని మైదానానికి తిరిగొచ్చిన మనిషి.

లియొనెల్ స్కలోనీదీ ఇదే దారి. 2018 ప్రపంచకప్ తర్వాత కోచ్ సంపావోలీని సాగనంపిన అర్జెంటీనా, ఆయన బృందంలోని స్కలోనీకి తాత్కాలికంగా బాధ్యత ఇచ్చింది. అంతకుముందు ఏ సీనియర్ జట్టుకూ ఆయన హెడ్ కోచ్‌గా చేయలేదు. ఈ పదవికి ఆయన పనికిరాడని మారడోనా బహిరంగంగానే అన్నారు. 2021 కోపా అమెరికా, 2022 ప్రపంచకప్, 2024లో మళ్లీ కోపా. ఆటగాళ్లకు అప్పటికే తెలిసిన మనిషి, వాళ్ల బలం బలహీనత దగ్గరుండి చూసిన మనిషి కోచ్ అయితే ఏమవుతుందో చూపడానికి ఫాయే, స్కలోనీలే చాలు.

2018 ప్రపంచకప్‌లో స్పెయిన్ తొలి మ్యాచ్‌కు రెండు రోజుల ముందు కోచ్ హులెన్ లోపెతెగీని తీసేసింది. టోర్నీ అయ్యాక రియల్ మాడ్రిడ్‌కు వెళ్తున్నట్టు ఆయన ముందే ప్రకటించడమే కారణం.

ఐదు వరస ప్రపంచకప్‌లు, ఐదు వేర్వేరు దేశాలు, ఒకే కోచ్: సెర్బియాకు చెందిన బోరా మిలుటినోవిచ్. 1986లో మెక్సికో, 1990లో కోస్టారికా, 1994లో అమెరికా, 1998లో నైజీరియా, 2002లో చైనా. ఐస్లాండ్‌ను 2018 ప్రపంచకప్‌కు తీసుకెళ్లిన హేమిర్ హల్‌గ్రిమ్సన్ వృత్తి రీత్యా పంటి డాక్టర్.

కాచిగూడ బడి నుంచి జకార్తా దాకా

మన జట్టుకు దొరికిన గొప్ప కోచ్‌ను వెతకడానికి ప్రకటనలు, దరఖాస్తులు అక్కర్లేకపోయాయి. ఆయన హైదరాబాద్‌లో ఉన్నారు. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో ఇక్కడే పుట్టి, ఉస్మానియాలో చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పంతులుగా పనిచేశారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును ఆయన తీర్చిదిద్దాక, అది బొంబాయి రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు ఎత్తుకొచ్చింది. 1950లో జాతీయ జట్టు ఆయన చేతికొచ్చింది. మరుసటి ఏడాదే ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం.

ఆయన పాఠాలు చూడండి. డ్రిబ్లింగ్ చేయకూడదన్న నిబంధనతో పోటీలు పెట్టేవారు. బంతి కాలికి తగలగానే పాస్ ఇవ్వాలి. ఎడమ కాలు బలహీనమైతే ఎడమ కాలితోనే ఆడాలి. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడాక కూడా ఆయనపై నమ్మకం పోలేదు. దాని ఫలితం 1956 మెల్‌బోర్న్. ఆస్ట్రేలియాపై 4-2 గెలుపు, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీస్ చేరిన తొలి ఆసియా జట్టుగా పేరు, చివరికి నాలుగో స్థానం.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం క్యాన్సర్‌తో ఉన్నారు. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. థాయ్‌లాండ్‌తో మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. ఆ కుట్లతో డిఫెన్స్‌లో హెడ్డింగులు చేయలేడు. అలాగని అంతటి ఆటగాడిని బయట కూర్చోబెట్టడమూ కుదరదు. రహీం ఆయనను సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. కాలేజీ రోజుల్లో జర్నైల్ ఆ స్థానంలో ఆడిన సంగతి ఆయనకు తెలుసు. సెమీస్‌లో దక్షిణ వియత్నాంపై జర్నైల్ గోల్ కొట్టారు.

సెప్టెంబర్ 4న ఫైనల్. మళ్లీ దక్షిణ కొరియాతోనే. స్టేడియంలో సుమారు లక్ష మంది, దాదాపు అందరూ మనకు వ్యతిరేకంగా అరుస్తున్నవాళ్లే. అంతకు ముందు మ్యాచ్‌ల్లో గోల్ కాచిన ప్రద్యుత్ బర్మన్ స్థానంలో, ఫ్లూ నుంచి లేచిన పొడగరి పీటర్ తంగరాజ్‌ను రహీం దింపారు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ మరొకటి. భారత్ 2, కొరియా 1. ఆ జట్టులో మన సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం, హైదరాబాద్ పోలీస్ యూసుఫ్ ఖాన్ ఉన్నారు. రహీం 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు.

ఆ తర్వాత కూడా హైదరాబాద్ ఈ కుర్చీకి మనిషిని ఇచ్చింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ పలుమార్లు జాతీయ కోచ్‌గా పనిచేశారు. ద్రోణాచార్య అందుకున్న తొలి ఫుట్‌బాల్ కోచ్ ఆయనే, 1990లో. 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీకి ఐఎస్‌ఎల్ కప్పు తెచ్చిన స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్‌ను 2024లో 291 దరఖాస్తుల నుంచి జాతీయ కోచ్‌గా ఎంపిక చేశారు. అదే సమయంలో గోవా క్లబ్‌కూ ఆయనే కోచ్. ఒక మనిషికి రెండు జట్లు అప్పజెప్పడం నాకప్పుడే సరికాదనిపించింది. జాతీయ జట్టు ఎనిమిది మ్యాచ్‌లాడి గెలిచింది ఒక్కటే. ఏడాది తిరగకుండానే ఆయన తప్పుకున్నారు, జమీల్‌ను తెచ్చిన ఆ 170 దరఖాస్తుల ప్రకటన వెలువడింది. రహీంకు పదమూడేళ్లు ఇచ్చిన సమాఖ్యే జమీల్‌కు కనీసం ఒక ఆసియా కప్ క్వాలిఫయర్స్‌ను మొదటి మ్యాచ్ నుంచి ఆడించే అవకాశం ఇవ్వాలి. 2027కు ఆయన చేతికి జట్టు వచ్చింది సగం దారిలో.