ట్రెజరీ బిల్లుల రాబడి: వర్తకమా, వడ్డీయా?

ప్రభుత్వానికి పన్నుల రూపంలో వచ్చే ఆదాయం ఏడాది పొడుగునా ఒకే తీరుగా ఉండదు. ఖర్చులు మాత్రం ఆగవు. ఈ వ్యత్యాసాన్ని పూడ్చుకోవడానికి కొద్ది నెలల గడువుతో చేసే అప్పుకు ఇచ్చే పత్రమే ట్రెజరీ బిల్లు. మన దేశంలో వీటిని మొదటిసారి 1917లో జారీ చేశారు. నేడు కేంద్ర ప్రభుత్వం తరఫున రిజర్వు బ్యాంకు 91, 182, 364 రోజుల బిల్లులను వారం వారం వేలం వేస్తున్నది. ఒకప్పుడు ఇది ప్రధానంగా బ్యాంకుల వ్యవహారం. 2021 నవంబరులో రిటైల్ డైరెక్ట్ పథకం ప్రారంభమయ్యాక 10,000 రూపాయలున్న సామాన్యుడు సైతం వీటిని కొనడం సులభమయింది. కనుక ఈ ప్రశ్న మన ముంగిటికే వచ్చింది: బిల్లుపై వడ్డీ అన్న మాటే లేదు, తక్కువకు కొంటాం, ఎక్కువ తీసుకుంటాం, మరి ఇది వర్తకం కాదా?

జవాబుకు ముందు లెక్కను తెలుసుకుందాం. 100 రూపాయల ముఖవిలువ గల 91 రోజుల బిల్లును ఒకరు వేలంలో 98 రూపాయల 40 పైసలకు కొన్నారనుకోండి. గడువు తీరిన రోజున ప్రభుత్వం 100 రూపాయలు చెల్లిస్తుంది. లాభం 1 రూపాయి 60 పైసలు. దీన్ని పెట్టిన సొమ్ముతో భాగించి, ఏడాదికి లెక్కగట్టడానికి 365తో హెచ్చించి 91తో భాగిస్తే సుమారు 6.52 శాతం వస్తుంది. దీనినే బిల్లు యొక్క రాబడి రేటు అంటారు. కొన్న ధర తగ్గిన కొద్దీ రేటు పెరుగుతుంది. ధర పెరిగిన కొద్దీ రేటు తగ్గుతుంది.

బిల్లును గడువు దాకా ఉంచుకోనక్కరలేదు, మధ్యలో అమ్ముకోవచ్చు. పై బిల్లుకు 30 రోజులు గడిచి ఇంకా 61 రోజులు మిగిలాయనుకోండి. మార్కెట్టులో రేటు 6.52 శాతమే ఉంటే దాని ధర సుమారు 98.92 రూపాయలు. రేటు 6 శాతానికి దిగితే 99.01, 7 శాతానికి ఎగబాకితే 98.84. ఈ కొద్ది పైసల తేడాయే కోట్ల రూపాయల బిల్లులు కొనేవారికి లాభమో నష్టమో అవుతుంది. గడువు స్వల్పం కాబట్టి ఒడుదుడుకులు తక్కువ. రేటు ఒక శాతం పెరిగితే 91 రోజుల బిల్లు సుమారు 25 పైసలు నష్టపోతుంది. పదేళ్ళ బాండు అయితే నూటికి ఏడు రూపాయల దాకా నష్టపోవచ్చు.

రేట్లు ఎందుకు మారతాయి? రిజర్వు బ్యాంకు తన రెపో రేటును మార్చడం మొదటి కారణం. బ్యాంకుల వద్ద నగదు లభ్యత రెండవది. జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల మధ్యలో ముందస్తు పన్ను చెల్లింపులతో నగదు ప్రభుత్వ ఖాతాకు తరలిపోయినప్పుడు బ్యాంకులకు కటకట ఏర్పడి రేట్లు పైకి పోతుంటాయి. పూర్వం ఇలా ఉండేది కాదు. 91 రోజుల బిల్లు రేటు 1974 జూలై నుండి చాలా ఏళ్ళపాటు 4.6 శాతం వద్దనే నిలిపివేయబడింది. 1993 జనవరిలో దానికి వేలం పద్ధతి వచ్చాకనే మార్కెట్టు ఆ రేటును నిర్ణయించసాగింది.

ఇక అసలు ప్రశ్న. వర్తకంలో సరుకు ఉంటుంది. అది పాడవుతుంది, ధర పడిపోతుంది, ఆ బాధ్యతను వర్తకుడు మోస్తాడు. ఇక్కడ కొన్నది సరుకు కాదు, మూడు నెలల తరువాత 100 రూపాయలు చెల్లిస్తామన్న వాగ్దానం. అంటే 98.40 రూపాయలు అప్పిచ్చి 100 తీసుకోవడమే. అదనపు సొమ్ము కేవలం కాలానికి ప్రతిఫలం. వడ్డీని చివర కలిపినా, మొదటనే మినహాయించినా స్వభావం మారదు. దివ్య ఖుర్ఆన్ రెండవ సూరా 275వ ఆయతు వర్తకానికీ వడ్డీకీ మధ్య గీసిన గీతకు ఇది అవతలి వైపే ఉంది. 1990 మార్చిలో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ, తగ్గింపు ధరకు అమ్మే ఇట్టి పత్రాలు సైతం వడ్డీతో కూడిన అప్పులేననీ, నిషిద్ధమనీ తీర్మానించింది. మధ్యలో అమ్మడం కూడా దీనిని ధర్మసమ్మతం చేయదు. ఒక రూపాయల అప్పును వేరొక మొత్తం రూపాయలకు మార్చుకోవడమే అది.

మరి ప్రభుత్వాల తాత్కాలిక అవసరాలకు వేరే దారి లేదా? 2001 జూన్‌లో బహ్రెయిన్ ద్రవ్య సంస్థ 91 రోజుల గడువుతో, రెండున్నర కోట్ల డాలర్ల సలం సుకూక్‌ను జారీ చేసింది. సలం అంటే ధరను ముందే పూర్తిగా చెల్లించి, నిర్ణీత సరుకును తరువాత అందుకునే ఒప్పందం. అక్కడ సరుకు అల్యూమినియం. అయితే సలం సరుకును స్వాధీనం చేసుకోక ముందే అమ్మడాన్ని అధిక సంఖ్యాక ఫకీహులు అంగీకరించరు గనుక ఆ పత్రాలు మార్కెట్టులో చేతులు మారవు; కొన్నవారు గడువు వరకు వేచి ఉండవలసిందే. దీనిపై విమర్శలూ లేకపోలేదు. సరుకు పేరుకే ఉండి లాభం ముందే ఖాయమైపోతే, తేడా ఎక్కడున్నదని కొందరు అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్న.

బిల్లుల రేటును పత్రికల్లో చదివి అర్థం చేసుకోవడం వేరు, దానిపై సంపాదించడం వేరు. బ్యాంకుల వద్ద నగదు సమృద్ధిగా ఉందో, కరవుగా ఉందో ఆ రేటు తెలుపుతుంది. ఈ జ్ఞానం వర్తకులకు తప్పక పనికి వస్తుంది. కాని పొదుపు సొమ్మును ఎక్కడైనా పెట్టే ముందు పత్రం మీద ఏ పేరు రాసి ఉందన్నది కాక, అదనంగా వచ్చే రూపాయి ఏ వస్తువు నుండి, ఏ శ్రమ నుండి, ఏ నష్టభయం నుండి పుట్టిందన్నది విచారించుకోవాలి. సందేహమున్న చోట విశ్వసనీయులైన ధర్మవేత్తలను సంప్రదించడం శ్రేయస్కరం.