ఫ్లాష్ మెమరీలో తప్పు దిద్దే లెక్క

పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, ఫోన్ స్టోరేజి, ల్యాప్‌టాప్‌లోని ఎస్‌ఎస్‌డీ, అన్నిట్లోనూ ఉండేది నాండ్ ఫ్లాష్ మెమరీయే. తోషిబా కంపెనీలో ఫుజియో మసువోకా బృందం 1987లో దీన్ని లోకానికి చూపించింది. కరెంటు తీసేసినా రాసింది నిలిచి ఉండడం దీని గొప్పతనం. అలాగని అది శాశ్వతం కాదు. రాసిన క్షణం నుంచే అందులో తప్పులు పుడుతుంటాయి. అవి మన కంటపడకపోవడానికి కారణం, చదివిన ప్రతిసారీ వాటిని పట్టుకుని దిద్దే కంట్రోలర్ అనే చిన్న చిప్పు.

ఫ్లాష్ సెల్‌లో ఇన్సులేషన్ పొరల మధ్య ఎలక్ట్రాన్లను బంధిస్తారు. ఎంత చార్జి ఉందో కొలిచి అక్కడున్నది 0 లేదా 1 అని తేలుస్తారు. సెల్‌కు ఒక్క బిట్ చొప్పున దాచితే రెండు మట్టాలు చాలు. తక్కువ ధరకు ఎక్కువ జీబీలు ఇవ్వాలని కంపెనీలు ఒక్కో సెల్‌లో మూడు బిట్లు ఇరికించాయి. అప్పుడు 8 మట్టాలను విడదీసి చూడాలి. నాలుగు బిట్లయితే 16. మట్టాల మధ్య ఎడం తగ్గేకొద్దీ కాస్త చార్జి జారినా విలువ మారిపోతుంది. దానికితోడు చెరిపి రాసిన ప్రతిసారీ ఇన్సులేషన్ కొంత దెబ్బతింటుంది. ఒక్క బిట్ సెల్ సుమారు లక్ష సార్లు తట్టుకుంటే, మూడు బిట్ల సెల్ మామూలుగా కొన్ని వేల సార్లకే అలిసిపోతుంది.

వేడి మరో శత్రువు. ఉష్ణోగ్రత పెరిగితే చార్జి త్వరగా జారుతుంది. జెడెక్ ప్రమాణం ప్రకారం మామూలు వాడకపు ఎస్‌ఎస్‌డీ, తన రాత ఆయుష్షు అయిపోయాక కూడా, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాదిపాటు డేటాను కాపాడాలి. మే నెలలో నాయుడుపేటలో పగటి ఎండ 40 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. ఊరి మీదుగా చెన్నై–కోల్‌కతా హైవేలో తిరిగే లారీకి డ్యాష్‌క్యామ్ ఉంటే, దాని కార్డుకు రెండు కష్టాలూ ఒకేసారి వస్తాయి. నిండగానే పాత వీడియో చెరిపి కొత్తది రాస్తూనే ఉండాలి, అదీ ఎండకు కాగిన క్యాబిన్‌లో. అలా అరిగిన కార్డును బీరువాలో పడేసి, కావలసినప్పుడు చూసుకోవచ్చులే అనుకోవడం మంచిది కాదు.

తప్పు దిద్దే పద్ధతికి పునాది వేసినవాడు టెలిఫోన్ కంపెనీ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన రిచర్డ్ హామింగ్. 1950లో ప్రచురించిన ఆయన పద్ధతిని కాగితం మీద చేసి చూడవచ్చు. దాచవలసిన బిట్లు 1, 0, 1, 1 అనుకుందాం. వీటిని ఏడు గడుల్లో 3, 5, 6, 7 స్థానాల్లో వేయాలి. 1, 2, 4 స్థానాలు తనిఖీ బిట్లకు. మొదటి తనిఖీ 1, 3, 5, 7 గడులను చూస్తుంది. రెండోది 2, 3, 6, 7 గడులను, మూడోది 4, 5, 6, 7 గడులను. ప్రతి తనిఖీలోనూ ఒకట్ల సంఖ్య సరిసంఖ్య కావాలి. అలా నింపితే 0110011 వస్తుంది. చార్జి జారి ఐదో గడిలోని 0 కాస్తా 1 అయిందనుకోండి. ఇప్పుడు మొదటి తనిఖీ తప్పుతుంది, రెండోది సరిపోతుంది, మూడోది తప్పుతుంది. తప్పిన తనిఖీల మొదటి గడులు 1, 4. కూడితే 5. తప్పెక్కడో దొరికినట్టే. ఆ బిట్‌ను తిప్పేస్తే అసలు విలువ తిరిగొస్తుంది.

మూడు తనిఖీలకు 8 రకాల ఫలితాలు వస్తాయి. ఏడు గడులకు ఏడు, తప్పే లేదని చెప్పడానికి ఒకటి. సరిగ్గా ఇలాంటి లెక్కనే తెలుగువారైన గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు, అంటే సి.ఆర్. రావు, 1947లో వేరే అవసరం కోసం ప్రచురించారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, 1941లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన ఆయన ముందున్నది ప్రయోగాల సమస్య. విత్తనం, ఎరువు, నీరు వంటి ఏడు అంశాలు, ఒక్కోదానికి రెండేసి మార్గాలు ఉంటే, అన్ని కలయికలూ చూడడానికి 128 మడులు కావాలి. ఒక్కో అంశం ప్రభావాన్ని విడిగా తేల్చుకుంటే చాలనుకుంటే ఎన్ని మడులు సరిపోతాయి? ఎనిమిది. అంశాలకు ఏడు, మొత్తం సగటుకు ఒకటి. ఇందుకోసం ఆయన రూపొందించిన ఆర్థోగొనల్ అర్రేలు అనే పట్టికలకూ తప్పులు దిద్దే కోడ్‌లకూ ఉన్న ఈ బంధుత్వాన్ని గణితవేత్తలు తర్వాత పూర్తిగా నిరూపించారు. పొలం లెక్క, టెలిఫోన్ కంపెనీ లెక్క ఒక్కటే కావడం గణితంలోని అందమైన విషయాల్లో ఒకటి.

అదే ఇన్‌స్టిట్యూట్‌లో రావుతో కలిసి పనిచేసిన రాజ్ చంద్ర బోస్ తర్వాత అమెరికా వెళ్లి, 1960లో శిష్యుడు రాయ్‌చౌధురితో కలిసి ఒకేసారి అనేక తప్పులు దిద్దే కోడ్‌లను ప్రకటించారు. ఫ్రాన్స్‌లో ఓకెంగెమ్ (Hocquenghem) 1959లోనే విడిగా వాటిని కనిపెట్టాడు. బోస్, చౌధురి, ఓకెంగెమ్ పేర్ల ఇంగ్లిష్ మొదటి అక్షరాలతో బీసీహెచ్ అనే ఈ కోడ్‌లే చాలా ఏళ్లు ఫ్లాష్ మెమరీని కాపాడాయి.

సెల్‌లో మూడు, నాలుగు బిట్లు వచ్చాక అవి చాలలేదు. ఎంఐటీలో రాబర్ట్ గాలగర్ 1960లో సిద్ధాంత వ్యాసంగా సమర్పించిన ఎల్‌డీపీసీ కోడ్‌లు అప్పుడు అక్కరకొచ్చాయి. ఆనాటి కంప్యూటర్లకు ఆ లెక్క మోయలేని భారం కావడంతో అవి 1990ల దాకా మరుగున పడి ఉన్నాయి. వీటి బలం సందేహాన్ని కూడా వాడుకోవడంలో ఉంది. చదివింది సరిపోకపోతే కంట్రోలర్ కొలిచే వోల్టేజిని కొద్దిగా జరిపి మళ్లీ మళ్లీ చదువుతుంది. ఏ బిట్ కచ్చితం, ఏది అనుమానం అని తేల్చి, నమ్మదగినవాటి ఆధారంతో మిగతావాటిని దిద్దుతుంది. పాత కార్డు ఒక్కోసారి నెమ్మదిగా తెరుచుకోవడానికి ఇదీ ఒక కారణమే.

తప్పులు పేరుకోకముందే డేటాను చదివి, దిద్ది, తిరిగి రాయడం ఇంకో మార్గం. 2012లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో యూ కాయ్, ఓనూర్ ముట్లు బృందం దీన్ని వివరంగా పరిశీలించింది. అదే బృందం 2015లో మరో మెట్టు ఎక్కింది. దిద్దడానికి వీల్లేనన్ని తప్పులు వచ్చిన పేజీలో, అంటే ఒకేసారి చదివే సెల్‌ల వరుసలో కూడా, ఏ సెల్ త్వరగా చార్జి వదులుతుంది, ఏది నెమ్మదిగా వదులుతుంది అని గమనిస్తే అసలు విలువను ఊహించవచ్చని చూపింది. ఆశ వదులుకున్న డేటాను వెనక్కి తేవడంలో ఇది విలువైన ఆలోచన.

కార్డు చదవనని మొరాయిస్తే వెంటనే వాడకం ఆపాలి. ఫార్మాట్ చేయమని అడిగినా ఒప్పుకోకూడదు. ముందుగా చదవగలిగినంతా వేరే డ్రైవ్‌లోకి యథాతథంగా కాపీ తీసి, వెతుకులాట ఆ కాపీ మీదే జరపాలి. కంట్రోలర్ పాడైతే నిపుణులు మెమరీ చిప్పును ఊడదీసి నేరుగా చదువుతారు. చెల్లాచెదురుగా ఉన్న పేజీలను వరుసలో పేర్చి, కంట్రోలర్ చేసే దిద్దుబాటంతా తామే చేస్తారు. ఇప్పటి ఫోన్లలో ఈ దారి దాదాపు మూసుకుపోయింది. డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, దాని తాళంచెవి ప్రాసెసర్ దగ్గర ఉంటుంది. ఎస్‌ఎస్‌డీలో ఫైల్ డిలీట్ చేస్తే ట్రిమ్ ఆదేశం వల్ల ఆ చోటు త్వరలోనే నిజంగా చెరిగిపోతుంది. అక్కడ ఏ కోడూ పనిచేయదు. వేరే చోట దాచిన రెండో కాపీ ఉంటేనే ఆ ఫైల్ దొరుకుతుంది.