గంటలో యాభై కిలోమీటర్లు, సైకిలు మీద!

ఆషాఢ మాసంలో మన అనంతపురం పల్లెల నుండి సైకిలు మీద బడికి వచ్చే పిల్లలకు ఎదురుగాలి అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఎంత తొక్కినా బండి ముందుకు సాగదు. గాలి వీచని రోజున కూడా ఈ బాధ పూర్తిగా తప్పదు. మనం వేగంగా పోయేకొద్దీ, కదలని గాలే మనకు ఎదురుగాలి అవుతుంది. ఈ గాలితో పోరాడి ప్రపంచ ప్రఖ్యాతి పొందిన ఒక ఇటలీ క్రీడాకారుని గురించి తెలుసుకుందాం.

ఫ్రాంచెస్కో మోజర్ 1951లో ఉత్తర ఇటలీలోని పాలూ ది జోవో అనే కొండ గ్రామంలో జన్మించాడు. 1973లో సైకిలు పందేలనే వృత్తిగా చేపట్టాడు. 1977లో వెనిజులాలో జరిగిన ప్రపంచ రోడ్డు పందెంలో గెలిచాడు. ఫ్రాన్సులో రాళ్ళు పరచిన బాటల మీద సాగే కఠినమైన పారిస్-రూబే పందెంలో 1978, 1979, 1980లలో వరుసగా మూడుసార్లు ప్రథముడుగా వచ్చాడు.

అయితే అతని పేరు విజ్ఞానశాస్త్రంతో ముడిపడినది 1984లో. సైకిలు క్రీడలో ‘గంట రికార్డు’ అనేది ఒకటి ఉంది. వలయాకారపు బాట మీద ఒంటరిగా తొక్కుతూ, సరిగ్గా ఒక గంటలో ఎంత దూరం పోగలరన్నదే పరీక్ష. 1972లో బెల్జియం వీరుడు ఎడ్డీ మెర్క్స్ మెక్సికో నగరంలో 49.431 కి.మీ. పోయాడు. పదకొండేళ్ళకు పైగా దానిని ఎవరూ దాటలేదు. 1984 జనవరి 19న అదే నగరంలో మోజర్ 50.808 కి.మీ. పోయాడు. జనవరి 23న మళ్ళీ ప్రయత్నించి 51.151 కి.మీ. చేరుకున్నాడు.

తేడా రెండు కిలోమీటర్లయినా లేదు కదా అనుకోకండి. గాలి నిరోధం వేగం యొక్క వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే నిరోధం నాలుగింతలు అవుతుంది. దానిని ఎదుర్కోవడానికి కావలసిన సామర్థ్యం వేగం యొక్క ఘనాన్ని బట్టి, అంటే ఎనిమిదింతలు పెరుగుతుంది. 51.151ని 49.431తో భాగించి, వచ్చిన దానికి ఘనం కట్టండి. సుమారు 1.11 వస్తుంది. పరిస్థితులన్నీ ఒకటే అయితే, మూడున్నర శాతం వేగం పెంచడానికి 11 శాతం ఎక్కువ సామర్థ్యం కావాలన్నమాట!

కనుక గాలి అడ్డును తగ్గించుకోవాలి. మెక్సికో నగరం సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పలుచన. ఈ లాభం మెర్క్స్‌కూ ఉంది. మోజర్ అదనంగా చువ్వల చక్రాలకు బదులు పళ్ళెంలా మూసి ఉన్న చక్రాలు వాడాడు. తిరిగే చువ్వలు గాలిని చిలికి సుడులు లేపుతాయి. నున్నని పళ్ళెం వాటిని తగ్గిస్తుంది. అదే ఏడాది అతడు ఇటలీ దేశపు మహా పందెం ‘జిరో’ను కూడా గెలిచాడు. అందులో చివరి రోజున వెరోనాలో పళ్ళెపు చక్రాలతోనే తొక్కాడు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పలుచని గాలిలో ఆక్సిజన్ కూడా తక్కువే. కండరాలకు ఆక్సిజన్‌ను మోసుకుపోయేది రక్తంలోని హిమోగ్లోబిన్. ఎర్ర కణాలు పెరిగితే ఆ మోత పెరుగుతుంది. గంట రికార్డు కోసం రక్తం ఎక్కించుకున్నానని మోజర్ 1999లో ఒప్పుకున్నాడు. 1984లో దానికి నిషేధం లేదు, తరువాత నిషేధించారు. రక్తం చిక్కబడితే గడ్డలు కట్టి ప్రాణాపాయం కలుగవచ్చు.

2000లో నియమాలు మార్చి, మెర్క్స్ కాలం నాటి సైకిలు మీద సాధించినదే గంట రికార్డు అన్నారు. మోజర్ అంకె వేరే పట్టికలోకి పోయింది. 2014లో మళ్ళీ ఆధునిక సైకిళ్ళను అనుమతించారు. 2022 అక్టోబరు 8న ఇటలీ వాడే అయిన ఫిలిప్పో గన్నా స్విట్జర్లాండులో 56.792 కి.మీ. పోయాడు.

విద్యార్థులారా, చక్రాన్ని మార్చడమూ, రక్తాన్ని మార్చడమూ ఒకటేనా? రెండూ శాస్త్రజ్ఞానం వల్ల వచ్చినవే. కాని మొదటిది గాలిని బాగా అర్థం చేసుకోవడం. రెండవది ఒంటిని పణంగా పెట్టడం. ఎదురుగాలిలో బడికి వచ్చేటప్పుడు కాస్త ముందుకు వంగి తొక్కి చూడండి. గాలికి తగిలే మీ ఒంటి వైశాల్యం తగ్గి, బండి కొంత తేలికగా సాగుతుంది. దానికి ఖర్చు లేదు, అపాయమూ లేదు.